సన్నబడ్డాక నన్ను పోల్చుకున్నావిడ

మా ఆయన కేలరీలు లెక్కేసుకుని తింటారు. నేనేమో నూనె, పంచదార, బయటి తిండి మానేశాను. ఎవరి పద్ధతి మంచిదని రోజూ వాదనే గానీ, బాగా సన్నబడింది నేనే.

ఇవాళ పొద్దున్న, ఏడాది తర్వాత ఏలూరు చేపల మార్కెట్‌కి వెళ్ళాను. మా అమ్మకి ఎప్పుడూ కొర్రమీను ఇచ్చే కొల్లేరు ముసలావిడ నన్ను చూసి లేచి నిలబడింది.

"సరోజినమ్మగారూ, ఇప్పుడు అన్నం ఇముడుతోందాండీ?"

సరోజిని మా అమ్మ. అన్నం ఇమడక, చిక్కిపోయి, ఆరేళ్ళ కిందట పోయింది.

"నేను వాళ్ళమ్మాయినండీ. అమ్మ పోయింది," అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని నవ్వింది. "మొన్న వచ్చినప్పుడూ ఇలాగే అన్నారండీ."

చేపలు కొనకుండానే వచ్చేశాను. మధ్యాహ్నం మారు అన్నం వడ్డించుకుని తిన్నాను.

మొన్న వచ్చిందెవరో కనుక్కోవడానికి మీరైతే మళ్ళీ వెళ్తారాండీ?