మేకు మీది అద్దాల రవిక

ఇప్పటికీ ఎవరైనా సెంటు కొట్టుకుని పక్కన కూర్చుంటే నేను లేచి దూరంగా జరుగుతాను. దానికి కారణం ఒక రవిక. నిజం చెప్పాలంటే నా కక్కుర్తి.

మరిపెడలో మా ఇంటి ముందు గదే మా దుకాణం. నేను జాకెట్లు, లంగాలు కుట్టేదాన్ని. మా అత్త హుక్కులు వేసి అంచులు మడిచేది. టేపుతో కొలతలిచ్చే అలవాటు మా వైపు ఆడవాళ్ళకు తక్కువ. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి తెచ్చి ఇచ్చేవాళ్ళు. దాన్ని ఆది అంటాం. కొత్తది పూర్తయ్యేదాకా ఆది గోడ మేకుకు వేలాడాల్సిందే, ఇంకో మనిషి ఒంటి మీదికి పోకూడదు. అది మా అత్త పెట్టిన కట్టుబాటు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో తండా నుంచి ఒకామె అద్దాల రవికను ఆదికి తెచ్చింది. చనిపోయిన తల్లి తన కోసం చేత్తో కుట్టిందట. కూతురి పెళ్ళికి అదే తీరులో ఇంకొకటి కుట్టమంది, అద్దాలు తానే కుట్టుకుంటానంది.

"జర పైలం అక్కా. మా యాడి చేతి కుట్టు గిదొక్కటే మిగిలింది."

"ఏం గాదు, నాకిడిసిపెట్టు" అన్నాను.

రెండు రోజులకు మా ఊరి దీక్షా శిబిరం నడిపే నాయకుడి భార్య వచ్చింది. మర్నాడు సభలో లంబాడా వేషంలో వేదిక ఎక్కాలట. మేకు మీది రవికను తనే లాక్కుని, ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఏంది గీ వాసన? జర సెంటు కొట్టియ్యి."

"అది ఆది అక్కా, ఇయ్యరాదు."

"ఒక్క పూటకే గదా. తెలంగాణ కోసం గింత చెయ్యవా? మైకుల నీ దుకాణం పేరు చెప్పిస్త."

మైకు అనగానే నా బుద్ధి గడ్డి తిన్నది. అత్త ఇంట్లో లేదు. నాయకుడి భార్య చేతులకు రవిక పట్టలేదు, వెనక తాళ్ళే ఉండే ఆ రవికలో వీపు కనబడొద్దని కూడా అంది. తండా ఆమె తల్లి వేసిన చేతి కుట్లను బ్లేడుతో విప్పాను. సందులో పీలిక వేసి మిషన్ మీద కుట్టి, వీపుకు పాలిస్టర్ గుడ్డ అతికాను. ఆమె దాని మీద తన పర్సులోని సెంటు సగం సీసా కొట్టింది. తలుచుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

సభలో ఆమె "మనమంతా ఒక్కటే" అంది. చప్పట్లు మోగాయి. ఎండలో కింద కూర్చున్న తండా ముసలామె ఒకతె ఫొటో కోసం పక్కన నిలబడబోతే నాయకుడి భార్య అరచెయ్యి అడ్డం పెట్టి జరిగిపోయింది. ఛీ, అదేం మనిషి అనుకున్నాను. అనుకుంటూనే దుకాణం పేరు వినబడుతుందేమోనని చెవులు రిక్కించి అక్కడే నిలబడ్డాను. పేరు చెప్పనేలేదు.

సాయంత్రం రవిక ప్లాస్టిక్ సంచిలో తిరిగొచ్చింది. చంకల్లో చెమట, రొమ్ము మీద పులిహోర నూనె మరక, పగిలిన అద్దాలు మూడు. సెంటూ చెమటా కలిసిన కంపుకు ముక్కుకు కొంగు కట్టుకున్నాను. ఉతికి, పాలిస్టర్ పీకేసి, పాత కుట్టులాగే చేత్తో కుట్టి మేకుకు తగిలించాను. మా అత్త ఒక్కసారి చూసి అంతా కనిపెట్టింది.

"గా చేతులతోని నాకు అన్నం పెట్టకు" అంది. తనే పెట్టుకుని తిన్నది.

తెల్లారి తండా ఆమె వచ్చింది. రవికను తిరగేసి చేతి కుట్టు వెంబడి వేలితో తడిమింది.

"గిది మా యాడి కుట్టు గాదు."

జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. ఆమె నేల మీద, మిషన్ కింద కాసేపు వెతికింది.

"ఇప్పిన దారం ఏదక్కా? గదన్న ఇయ్యి."

ఆ దారాన్ని పీలికలతో పాటు ఊడ్చి, ఆ పొద్దున్నే, ఆమె రాకముందే, నీళ్ళ పొయ్యిలో వేశాను. ఆ వేడినీళ్ళతోనే స్నానం చేసి వచ్చి ఆమె ముందు కూర్చున్నాను.