పెంకుల మధ్య అద్దం

మా బావగారికి ఇల్లు సర్దే పిచ్చి పట్టింది. ఆయన మా ఆయనకు అన్నగారు. రిటైరై ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టాక పట్టిందా పిచ్చి. తన ఇల్లు పాడుచేసుకుంటే నాకేం బాధ లేదు. ఒక గోడకి చాక్లెట్ రంగు, ఒక గోడకి రాళ్ళ బొమ్మల కాగితం, టీవీ వెనక నీలం లైట్లు పెట్టుకుని, ఆ వెలుగులో నీలం ఇడ్లీలే తింటున్నారు. తిననీ. కానీ ఆ పిచ్చి మా గుమ్మం కూడా తొక్కింది.

మాది పెంకుటిల్లు. నడిమి గదిలో నా కుట్టుమిషను. ఆ గదికి కిటికీ లేదు. నెత్తిమీద, పెంకుల మధ్య, జానెడు అద్దం బిగించి ఉంటుంది. పెళ్ళయిన ఏడాది, పెంకులు సర్దడానికి వచ్చిన ముసలాయనను బతిమాలి నేనే పెట్టించుకున్నాను. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా వెలుతురు మిషను మీద పడుతుంది. జాకెట్లు కుట్టేవాళ్ళకి కత్తెర కంటే ముందు కావలసింది అదే. గుడ్డకి దారం రంగు కలపడం పగటి వెలుతురులోనే కుదురుతుంది. బల్బు కింద కలిపిన దారం గుమ్మం దాటేసరికి ఇంకో రంగు.

ఒక ఆదివారం బావగారు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూశారు.

“ఏటిరా తమ్ముడూ, ఇంకా ఈ పెంకులూ బూజులూ సూసుకుంటా కూసుంటావా? పీవీసీ సీలింగు ఏయించు. గది లుక్కే మారిపోద్ది.”

మా ఆయన బెల్లం మార్కెట్లో పనిచేస్తారు. బెల్లం దిమ్మని చేత్తో ఎత్తి బరువు చెప్పేస్తారు గానీ, అన్నగారి ముందు నోరు పెగలదు. నేను తలుపు చాటున ఉన్నాను. మా ఇంట్లో తమ్ముడి భార్య బావగారి ఎదటపడి మాట్లాడదు. చెప్పాల్సింది మొగుడిచేత చెప్పించాలి. “నాకు వెలుతురు పోద్దని సెప్పండి” అన్నాను. ఆయన చెప్పారు.

“వెలుతురేటి, పన్నెండు లైట్లు పెడతన్నాం కదా. ఆ మనిషికేటి తెలుసు” అన్నారు బావగారు, నాకు వినబడేలాగే. ఒళ్ళు మండిపోయింది. మింగేశాను. పదహారేళ్ళుగా మింగుతూనే ఉన్నాను.

రెండు రోజుల్లో పెంకుల కింద ప్లాస్టిక్ పలకల సీలింగు వేసేశారు. బావగారు కుర్చీ వేసుకుని కూర్చుని పనివాళ్ళకి పని నేర్పారు. పసుపు లైట్లు ఆయనే ఎంచారు, హోటల్లా రిచ్‌గా ఉంటాదని. నా అద్దం దాని వెనక ఎక్కడో ఉండిపోయింది.

ఆ నెలలోనే వీధి చివర టీచరమ్మ కూతురి పెళ్ళి. చర్చిలో పెళ్ళి, తెల్ల చీర, తెల్ల జాకెట్టు. పదేళ్ళుగా ఆ ఇంటి జాకెట్లన్నీ నావే. డబ్బాలోంచి తెల్లగా కనబడిన దారం తీసి, పసుపు లైట్ల కింద గుడ్డ మీద పెట్టి చూశాను. కలిసింది. మెడకీ చేతులకీ రెండేసి వరసలు కుట్టి ఇచ్చాను. మర్నాడు ఆవిడ వెనక్కి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. అరుగు మీద, ఎండలో, జాకెట్టు విప్పి చూపించింది. తెల్లటి గుడ్డ మీద దారం పాత చెమట మరకలా పచ్చగా ఉంది.

“ఏటమ్మా ఇది? నువ్వు కుట్టిందేనా?”

అంతే అంది. తల కొట్టేసినట్టయింది. ఆ అరుగు మీదే కూర్చుని కుట్లన్నీ విప్పి, సూది కన్నాలు కనబడకుండా వాటి మీదే తెల్లదారంతో మళ్ళీ కుట్టాను. తీసుకెళ్ళింది. పెళ్ళికి వచ్చిన చుట్టాల జాకెట్లు మాత్రం వేరేచోటికి వెళ్ళాయి. పదేళ్ళ పేరు పన్నెండు లైట్ల కింద పోయింది.

ఆ సంగతి తెలిసిన మర్నాడు మా ఆయన మార్కెట్‌కి వెళ్ళగానే స్టూలెక్కాను. మిషను ఉన్న చోటుని బట్టి గుర్తుపట్టి, రంపం బ్లేడుతో అద్దానికి సరిగ్గా కింద సీలింగుని చదరంగా కోసేశాను. కోస్తున్నంతసేపూ బావగారిని నోటికొచ్చినట్టు తిట్టాను, పైకే. ముక్క ఊడి కింద పడింది. వెలుతురు మిషను మీద పడింది. సాయంత్రం మా ఆయన వచ్చి పైకి చూసి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళారు.

ఆదివారం బావగారు స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు, తన పనితనం చూపించడానికి. నేను మిషను దగ్గరే ఉన్నాను. ఈసారి లేవలేదు. ఆయన కన్నం చూసి ఒక్క క్షణం ఆగారు. వెంటనే తేరుకుని, వచ్చి సరిగ్గా దాని కింద నిలబడ్డారు.

“దీన్ని స్కైలైటంటారు గురూ. నేనే పెట్టించేను. అంచులకి బీడింగు ఏత్తే ఇంకా బాగుంటాది” అన్నారు స్నేహితుడితో.

మా ఆయన నేల చూపులు చూస్తున్నారు. నేను మిషను ఆపాను. తలెత్తి, పెళ్ళయ్యాక మొదటిసారి, నేరుగా బావగారితో అన్నాను.

“బావగారూ, కొంచెం పక్కకి జరగండి. నా వెలుతురికి అడ్డం వత్తన్నారు.”

ఆయన జరిగారు.