ఎవల్నడిగి కనుక్కున్నడు?

నాకు తెలుగు బాగా వచ్చని నేను అనుకున్నంత కాలం ఏ గొడవా లేదు. సంగారెడ్డిలోనే పుట్టాను. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. సంతలో బేరమాడడానికీ, బస్సు కండక్టరుతో కొట్లాడడానికీ నా తెలుగు దివ్యంగా సరిపోయేది. చదువు మాత్రం అంతా ఉర్దూలో సాగింది. పంతులునై బడిలో చరిత్ర చెప్పడమూ ఉర్దూలోనే. రాష్ట్రాలు కలిసిన మరుసటి ఏడు హెడ్మాస్టరు నన్ను పిలిచి, పై తరగతులకు ఇక తెలుగులోనే చెప్పాలన్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చి నా పాఠం వింటారట. చెప్పగలిగితే సంగారెడ్డి, లేకపోతే ఉర్దూ తరగతులు మిగిలిన ఏదో దూరపు జిల్లాకు బదిలీ.

అప్పుడు నా భార్య నిండు గర్భిణి. వాళ్లమ్మ ఇల్లు పక్క గల్లీలోనే. బదిలీ మాట విన్నప్పటి నుంచి ఆమె పళ్లెం ముందు కూర్చునేది, నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేది. నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపమంతా తెలుగు పుస్తకం మీద చూపించాను.

పాఠం యూరప్ నావికులది. కొత్త దేశాలకు సముద్రం మీద దారులు వెతుక్కుంటూ బయలుదేరిన వాళ్ల కథ. ఉర్దూలో అయితే నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి. తెలుగు పుస్తకంలో నా జహాజు నౌక అయింది, నా జజీరా ద్వీపం అయింది. ఆ ద కింద వత్తు నా కంటికి ఆనలేదు. "చాన దినాలు పోయినంక వాళ్లకు సముద్రంల దీపాలు కనబడ్డయి" అని చెప్పేశాను. వెనక బెంచీ నుంచి ఒకడు, "గాలికి ఆరిపోవా సార్?" అన్నాడు. గ్యాసు దీపాలు అయి ఉంటాయన్నాను. తెలియదని చెప్పడం అప్పటికి నాకు చేతకాదు.

తరగతిలో ఉన్న కొద్దిమంది ఆడపిల్లల్లో ఒకమ్మాయి పోతిరెడ్డిపల్లి నుంచి నడిచి వచ్చేది. రైతు బిడ్డ. గంట కొట్టాక, ఎవరూ లేకుండా చూసి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, అది దీపం కాదు, ద్వీపం. సుట్టు నీళ్లుండి నడుమ భూమి ఉంటది సూడుండ్రి, అది."

నా చెవులు కాలిపోయాయి. కసరబోయాను. కానీ ఆ పిల్ల నలుగురిలో అనకుండా నా పరువు కాపాడింది కదా అని నోరు మూసుకున్నాను. మరునాడు తరగతిలో నేనే దీపాలన్నీ ఆర్పేశాను. ఆ రోజు నుంచి కొత్త పద్ధతి పెట్టుకున్నాను. తెలుగు మాట తట్టకపోతే నేను అర్థం చెబుతాను, పిల్లలు మాట అందిస్తారు. సముద్రాన్ని నేనూ చూడలేదు, వాళ్లూ చూడలేదు. మంజీర పొంగినప్పటి నీళ్లను పదింతలు చేసుకుని అందులోనే అందరం ప్రయాణం చేశాం.

అట్లా పోర్చుగీసు కెప్టెను దాకా వచ్చాం. పుస్తకంలో 'కనుగొనెను' అని ఉంటే, నాకు తెలిసిన తెలుగులోకి దించి, "ఆయన ఇండియాకు తోవ కనుక్కున్నడు" అన్నాను.

ఆ పోతిరెడ్డిపల్లి పిల్ల లేచి, "ఎవల్నడిగి కనుక్కున్నడు సార్?" అంది.

అడగడమేంది, తెలివి లేదా అని నోటి దాకా వచ్చింది. అంతలో ఆగాను. పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? డాక్టరు ఉన్నాడో లేడో కనుక్కుని రమ్మంటే అడిగి రమ్మనే కదా. పైగా నేను ఉర్దూలో చదివిన చరిత్రలోనే ఉంది. ఆ కెప్టెను ఆఫ్రికా ఒడ్డున ఒక రేవులో ఆగి, ఈ సముద్రం గుట్టు తెలిసిన మనిషిని వెంట తీసుకున్నాకే ఇటు దాటాడు. ఏళ్ల తరబడి ఆ వాక్యం చదువుతున్నాను, చెబుతున్నాను. దాని మీద ఒక్కసారీ మనసు నిలపలేదు.

"అడిగిండు బిడ్డా. ఆఫ్రికా ఒడ్డు మీద, తోవ ఎర్కున్నాయన్ని అడిగిండు" అన్నాను. తరగతికి అది చాలా నచ్చింది. అంత పెద్ద కెప్టెను కూడా తమలాగే దారి అడిగాడంటే వాళ్లకు సంబరం.

ఇన్‌స్పెక్టరు వచ్చారు. కోస్తా మనిషి, అచ్చం పుస్తకం మాట్లాడినట్టే మాట్లాడతారు. వెనక బెంచీలో కూర్చుని నా పాఠమంతా విన్నారు. తర్వాత ఆ అమ్మాయినే లేపారు.

"ఆ కెప్టెను మన దేశానికి సముద్రమార్గం ఎలా కనుగొన్నాడమ్మా?"

"అడిగిండు సార్. తోవ ఎర్కున్నాయన ఓడెక్కి తోల్కచ్చిండు."

ఇన్‌స్పెక్టరు కలం ఆగింది. "కనుగొనడమంటే అడగడం కాదమ్మా. ఎవరికీ తెలియనిదాన్ని మొదట తెలుసుకోవడం."

ఆ పిల్ల ఏదో అనబోయి నా వైపు చూసింది. మొహం చిన్నబోయింది.

ఆయన నా వైపు తిరిగి, "ఇది మీరు చెప్పిందేనా? లేక అమ్మాయి పొరబడిందా?" అన్నారు.

పొరబడిందంటే అక్కడితో సరి. నా నౌకరీ నాకుంటుంది. పళ్లెం ముందు నుంచి లేచిపోయే నా భార్య గుర్తొచ్చింది. కానీ ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది.

"నేనే చెప్పిన సార్. అది తప్పైతే నాదే. కాని ఆయన అడిగిన మాట నిజం."

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత మెల్లగా, "మీ ఇంటి భాష ఉర్దూ అన్నారు. ఈ తెలుగు ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నారు.

నాకు దాచడానికి ఏమీ మిగల్లేదు. "వీళ్లనే కనుక్కున్న సార్" అన్నాను.

తరగతి గొల్లుమంది. ఆయనా నవ్వారు, ఎంత ఆపుకున్నా ఆగలేదు. కలం మూత పెట్టి, "అయితే మిమ్మల్ని ఇక్కణ్ణుంచి కదిలించడం కుదరదు. వీళ్లు లేకుండా మీరు పాఠం చెప్పలేరు" అన్నారు. కనుగొనడానికి నేను చెప్పిన అర్థం కూడా చెప్పండి, పరీక్షలో మార్కులు దానికే వేస్తారు అని హెచ్చరించి వెళ్లిపోయారు.

అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు. నాకు మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. బోర్డు వైపు తిరిగి, తుడిచిన బోర్డునే మళ్లీ తుడిచాను.

సాయంత్రం ఇంటికి దాదాపు పరుగెత్తాను. నా భార్య వాకిట్లో బియ్యం చెరుగుతోంది. పెళ్లయిన నాటి నుంచి ఆమెతో నేను ఉర్దూలో తప్ప మాట్లాడింది లేదు. ఆ మాట చెప్పాలని నోరు తెరిస్తే, "ఏడికీ పోయేది లేదు, ఈడ్నే ఉంటున్నం" అని తెలుగులో వచ్చింది.