తడిపిన ఇసుక

మా వెనక వాటాలో ఉండే తమ్ముణ్ని వీధంతా ఇసుకాయన అంటుంది. సొంత తమ్ముడు కాడు, పిలుపు వరస. అంగారకుడి మీద తిరిగే బండిని తయారుచేసే చోట అతనికి పని. పైకి పంపిన బండికి అచ్చం అలాంటిదే ఇంకొకటి ఇక్కడ రేకుల షెడ్డులో ఉంటుంది. పై బండికి ఏం చెప్పాలన్నా ముందు ఈ బండి చేత ఇసుకలో చేయించి చూస్తారు. అది తొక్కిన ఇసుకను మళ్లీ చదును చేయడం ఇతని వంతు.

నేను ఊరుకుంటానా! "ఏం తమ్ముడూ, అంగారకుడి మీద స్థలాలేమైనా అమ్ముతున్నారా?" అని గుచ్చేదాన్ని.

"నీకెందుకక్కా? అక్కడ ఇరుగూ పొరుగూ ఉండరు. నీకు పొద్దుపోదు," అనేవాడు.

అతని కబుర్లలో ఎప్పుడూ ఒకమ్మాయి ఉండేది. పై బండిని ఇక్కణ్నుంచి నడిపేది ఆ పిల్లే. ఇతన్ని బాబాయ్ అని పిలిచేది. పిల్లాజెల్లా లేనివాడు, ఆ పిలుపుకే కరిగిపోయాడు. ఆ పిల్లకు దుమ్ము పడదు. షెడ్డులోకి వస్తే చాలు, దగ్గుతో మెలికలు తిరిగిపోయేది. అది చూడలేక ఇతను ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే వెళ్లి ఇసుక మీద నీళ్లు చిలకరించేవాడు. పరీక్ష మొదలయ్యేసరికి పైపైన ఆరిపోయేది. అడుగున చెమ్మ మాత్రం నిలిచేది.

కిందటేడు పై బండి ఇసుకలో కూరుకుపోయింది. అక్కడ చలికాలం ముంచుకొస్తోంది. ఎండ తగిలే వైపుకు తిరగకపోతే బండికి కరెంటు పుట్టదు, ఇక లేవదు. షెడ్డులో బండిని అలాగే పాతిపెట్టి చూశారు. చక్రాలు ఒక తీరుగా తిప్పితే ఇట్టే బయటికొచ్చింది. పై బండికీ అదే చెప్పారు. అది ఇంకా లోతుకు దిగిపోయింది.

"ఇక్కడ వస్తోంది, అక్కడ రావట్లేదు. ఎందుకు బాబాయ్?" అని ఆ పిల్ల తల పట్టుకుంది.

అప్పుడు వెలిగింది ఇతనికి, అడుగున తను నిలిపిన చెమ్మే ఇక్కడి ఇసుకను గట్టిగా పట్టి ఉంచుతోందని. నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. అందరి ముందూ విప్పాడు.

ఇసుకంతా ఎత్తి ఎండబెట్టి, మళ్లీ పోసి చూశారు. ఈసారి ఇక్కడి బండి కూడా దిగబడింది. ఎన్ని రకాలుగా తిప్పినా రాలేదు. అప్పటిదాకా ఏదో దారి దొరుకుతుందన్న ఆశైనా ఉండేది. ఇతను చెప్పిన నిజంతో అదీ పోయింది. చలి ముదిరాక పై బండి నుంచి కబురు ఆగిపోయింది.

ఆ రోజు ఆ పిల్ల షెడ్డులో ఒక్కతే నిలబడి ఉంటే ఇతను దగ్గరికి వెళ్లాడట.

"తిట్టమ్మా. నీ బండిని ముంచింది నేనే. ఒక్క మాట తిట్టు."

"ఎలా తిట్టను? నా కోసమే కదా తడిపావు."

"పోనీ, కోపంగానైనా చూడు."

చూడలేదట. "దగ్గితే ఏమయ్యేది బాబాయ్, దగ్గేదాన్ని," అని వెళ్లిపోయిందట. మర్నాడే వేరే పనికి మార్పించుకుంది.

ఇదంతా చెప్తూ మా గడప మీదే కూలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"నన్ను మన్నించినట్టేనా అక్కా?"

"మన్నించిందిలే తమ్ముడూ. మన్నించబట్టే ఒక్క మాటా అనలేదు."

"మరి షెడ్డు వైపు రావడం లేదేం?" అన్నాడు.