పచ్చడి వేసిచ్చిన గిన్నెలు

మా పిన్ని ఇంట్లోంచి ఏ గిన్నే ఖాళీగా బయటికి వెళ్ళేది కాదు. వట్టి గిన్నె ఇస్తే మాకెందుకంటారు గానీ, గోంగూర పచ్చడి వేసిస్తే ఎవరూ కాదనరని ఆవిడ ధీమా. తిరిగి తెచ్చిచ్చినా, "గిన్నె కూడా మీకేనండీ" అనేది.

విజయవాడలో రెండు గదుల ఇల్లు వాళ్ళది. వెనక గది నిండా చనిపోయిన అత్తగారి స్టీలు సామాను, పెళ్ళిళ్ళలో పంచిన పళ్ళాలు. మోకాళ్ళు పట్టేసిన తన తల్లిని పామర్రు నుంచి తెచ్చుకుందామంటే మంచం వేసే చోటు లేదు. అందుకే రోజూ వంట అవగానే కొన్ని గిన్నెలు దింపించి, తోమించి, నింపి వీధివాళ్ళకి పంపేది.

సంగతి తెలిసి ఆడపడుచు ఆటో దిగుతూనే అరిచింది. "మా అమ్మ సామాను ఊరంతా పంచుతున్నావా వదినా? అన్నయ్య ఎలా ఊరుకున్నాడు?"

"ఊరుకోవడమేంటి, పెరట్లో తోముతున్నాడు చూడు."

పిన్ని అత్తగారి పేరు కొట్టించిన పెద్ద గిన్నె తీసి, నిండా పచ్చడి వేసి ఆవిడ చేతిలో పెట్టింది. "మీ అమ్మ గిన్నె నువ్వు తీసుకెళ్ళు. మా అమ్మ మంచం మాత్రం ఇక్కడే పడుద్ది."

ఆడపడుచు గిన్నె మీద పేరు చదువుకుని, "దీని మూతేది?" అంది.

"వెనక గదిలో ఉంది, వెళ్ళి తెచ్చుకో. ఇప్పుడైతే కనపడుద్ది."