పేర్ల తాళం

ఉమారాణికి మొండిఘటం అన్న పేరు రేపల్లెలో ఉన్నప్పటి నుంచే ఉంది. చేపల బేరం చేసే తండ్రి సింగరయ్య, "దీనితో నావల్ల కాదు" అని ఎప్పుడో చేతులెత్తేశాడు. బాపట్లలో ఇంజనీరింగు చదివేటప్పుడు తోటివాళ్ళంతా తేలికపాటి ప్రాజెక్టులు చూసుకుంటే, ఈవిడ తాళం వేసిన ఫోటోలో రహస్యం దాచే విద్య పట్టుకుంది. "ఎవరిక్కావాలమ్మా అది?" అన్నాడు లెక్చరరు. "నాక్కావాలండి," అంది. ఇప్పుడు తెనాలిలో డాక్టరు మోహనకృష్ణ గారి ఎక్స్‌రే సెంటర్లో ఆ విద్యే ఆవిడకి అన్నం పెడుతోంది.

ఎక్స్‌రే తీయగానే కంప్యూటరు ఆ బొమ్మని చుక్కచుక్కా చెల్లాచెదురు చేసి తాళం వేసేస్తుంది. అప్పుడు చూస్తే సిగ్నల్ లేని టీవీలా చీమలు పాకుతున్నట్టుంటుంది, అంతే. దాన్ని తెరిచే తాళంచెవి డాక్టరు గారిది. లోపలేముందో చూడకుండానే ఆ చీమల మధ్య రోగి పేరు, ఊరు దాచిపెడుతుంది ఉమారాణి. ఆ పేరు పైకి తీసే తాళంచెవి ఆవిడది. కుట్టేసిన బస్తాలో కుట్టు విప్పకుండా చీటీ పెట్టి, గింజ రాలకుండా మళ్ళీ పైకి తీయడమన్నమాట. పేరు తీశాక బొమ్మ మొదట ఎలా ఉందో అచ్చం అలాగే తిరిగి రావాలి. ఒక్క చుక్క మారినా, అది ఊపిరితిత్తిలో మచ్చో కంప్యూటరు పెట్టిన మచ్చో ఎవరు తేలుస్తారు? బొమ్మ చూసే డాక్టరుకి పేరు తెలియదు, పేరు తెలిసిన ఉమారాణికి బొమ్మ కనపడదు.

ఆ వేసవిలో పొన్నూరులో ఒక రైసుమిల్లు కూలీలకి ఎక్స్‌రే క్యాంపు పెట్టారు. మన దగ్గర ఏ క్యాంపైనా రిబ్బను కత్తిరించిన పెద్దమనిషే మొదటి పరీక్ష చేయించుకుని పేపరువాళ్ళకి ఫోటో ఇవ్వాలి కదా. మిల్లు యజమాని పాండురంగారావు గారూ నవ్వుతూ మిషను ముందు నిలబడ్డారు. కూలీలు మాత్రం కదల్లేదు. తవుడు ఎత్తే అంజమ్మ ఏడాదిగా దగ్గుతోంది.

"పేరు బయటికొస్తే రేపట్నుంచి పనిలోకి రావద్దంటారమ్మాయ్," అంది ఉమారాణితో.

"రాదు పిన్నీ. నా మాట నమ్ము."

ఆ మాట నమ్మి అంజమ్మ మిషను ముందు నిలబడింది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళూ నిలబడ్డారు.

వారం తిరక్కుండా డాక్టరు గారు మూడు బొమ్మలు పక్కన పెట్టారు. "ఊపిరితిత్తులకి దుమ్ము బాగా పట్టేసింది ఉమా. వీళ్ళని వెంటనే పిలిపించు," అన్నారు. ఉమారాణి పేర్లు తీసింది. ఒకటి అంజమ్మ. రెండోది బస్తాలు మోసే వీరబాబు. మూడో పేరు చూసి, తప్పు తీశానేమోనని మళ్ళీ తీసి చూసింది. పాండురంగారావు. అవును మరి, చిన్నప్పటి నుంచీ ఆ మిల్లులో తిరిగిన మనిషే. దుమ్ముకి యజమానేంటి, కూలీ ఏంటి?

అంజమ్మ, వీరబాబు ఎవరికీ తెలియకుండా వచ్చి, డాక్టరు గారు పేరు లేకుండా రాసిచ్చిన మందులు ఉమారాణి చేతి మీదుగా తీసుకెళ్ళారు. పాండురంగారావు గారికి ఫోన్ చేస్తే ప్రతిసారీ మేనేజరు ప్రకాశమే ఎత్తి, "సారు బిజీ అండి," అని పెట్టేశాడు. చివరికి ఆ సారే మేనేజర్ని వెంటేసుకుని సెంటరుకి వచ్చారు.

"క్యాంపు పెట్టించింది నేను. ఎవరెవరికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయో పేర్లు చెప్పు," అన్నారు కూర్చోకుండానే. "రేపు మిల్లు దుమ్మే అంటూ నా మీద కేసులేస్తారు. ఈలోపే వాళ్ళని పనిలోంచి పంపించేస్తాను."

"చెప్పనండి."

డాక్టరు గారు ఇబ్బందిగా కదిలారు. "చెప్పెయ్యి ఉమా. పెద్దాయనతో మనకెందుకు గొడవ?"

"మీ తాళంచెవి మీ ఇష్టమండి. నాది ఇవ్వను."

"ఉద్యోగం పోతుంది," అన్నారు డాక్టరు గారు.

"పోతే పోనివ్వండి. పేర్లు మాత్రం రావు."

పాండురంగారావు గారు ఎగతాళిగా నవ్వారు. "రోగిష్టోళ్ళని కూర్చోబెట్టి మేపడానికి నాదేమన్నా ధర్మసత్రమా అమ్మాయ్?"

ఉమారాణికి ఒళ్ళు మండిపోయింది. మూడో పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట ప్రకాశం చెవిన పడితే చాలు, సాయంత్రానికి పొన్నూరంతా చెప్పుకుంటుంది. పెద్దాయన పొగరు అక్కడికక్కడే దిగిపోతుంది. కానీ అంజమ్మకిచ్చిన మాట ఈయనకి చెల్లదని ఎక్కడుంది? కోపాన్ని గుటక వేసి మింగింది.

"ప్రకాశం గారూ, కాస్త బయటికెళ్ళండి. డాక్టరు గారూ, మీరు కూడా."

తన గదిలోంచి తననే వెళ్ళమనేసరికి డాక్టరు గారు తెల్లబోయారు. ఆవిడ మొహం చూసి, మారుమాట్లాడకుండా లేచి వెళ్ళారు. ఉమారాణి తలుపు వేసింది.

"ఎవరి పేరు వాళ్ళకి చెప్పడం నా పనండి. మీ పేరు మీకు చెబుతున్నాను. ఆ మూడు బొమ్మల్లో ఒకటి మీదే."

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"ప్రకాశానికి తెలుసా?"

"తెలియదండి."

"డాక్టరుకి?"

"మీరు చెబితేనే తెలుస్తుంది."

"ఎవరికీ చెప్పకమ్మా," అన్నారు. "నాకిలా అని తెలిస్తే బ్యాంకువాళ్ళ దగ్గర్నుంచి బావమరుదుల దాకా మిల్లు మీద పడతారు. నీకు దణ్ణం పెడతాను."

"దణ్ణాలెందుకండి, చెప్పను," అంది ఉమారాణి. "మిగతా ఇద్దరూ నన్ను ఇదే అడిగారు."