తువ్వాల కింద ఏవియేషన్ డిగ్రీ

విమానమంటే తలెత్తి చూసేదే తప్ప కాలేజీలో చదివేది కూడా అని మా ఉదయగిరి వైపు ఇంకా ఎవరికీ తెలియని రోజులవి. ఇంటర్ పాసైన ఆ వేసవిలో నాకో రంగుల కరపత్రం దొరికింది. బీబీఏ ఏవియేషన్, మద్రాసులో మూడేళ్ళు. అట్ట మీద మెడకు స్కార్ఫు చుట్టుకున్న అమ్మాయి నవ్వుతోంది. అంతే, నా బతుకంతా ఆ స్కార్ఫులోనే ఉందని తేల్చేసుకున్నాను. (అప్పటికి విమానాన్ని దగ్గరగా చూసింది లేదు. ఆత్మకూరు బస్సెక్కితేనే వాంతులయ్యేవి.) "ఆకాశంలో ఉద్యోగమంటే నీకు అన్నం ఎవురు పెడతారే" అని అవ్వ దిగులుపడింది. నాయన మాత్రం కరపత్రాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసి, "పళ్ళు బాగుండాయి" అన్నాడు.

ఆయన తప్పేం లేదు. నాయన బర్రెల బేరగాడు. ఏ పశువునైనా ముందు పళ్ళు, తర్వాత సుడులు, చివరికి పాలు పిండించి చూడందే నమ్మడు. ధర నోటితో చెప్పడు. ఇద్దరి చేతుల మీదా తువ్వాల కప్పి ఎదుటివాడి వేళ్ళు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు పడితే అంత ధర. ఎదుటివాడు తిరిగి చెయ్యి బిగించి పట్టుకుంటే బేరం ఖాయం. చుట్టూ మూగినవాళ్ళకు ఒక్క అంకె తెలియదు, బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఆ మాట తిరగదు.

నా పోరు పడలేక ఆత్మకూరులోని అడ్మిషన్ల ఆఫీసుకు తీసుకుపోయాడు. అక్కడి మనిషికి నేను టైబాబు అని పేరు పెట్టుకున్నాను. (మే నెల ఎండలో టై కట్టినవాణ్ణి అదే మొదటిసారి చూడటం.) ఫీజు ఐదు లక్షలు, హాస్టలు వేరే, ఉద్యోగం గ్యారంటీ అని గడగడా అప్పజెప్పాడు. నాయన అంతా విని, భుజం మీది తువ్వాల తీసి టైబాబు చేతిమీద కప్పి, లోపల రెండు వేళ్ళు పట్టుకున్నాడు. టైబాబు బిత్తరపోయాడు. పెద్దాయన ఆప్యాయత అనుకున్నాడో ఏమో, నవ్వుతూ ఆ చేతిని గట్టిగా పట్టుకుని నొక్కాడు.

"అయిపోయినాది. రెండు లక్షలు," అని నాయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"రెండేంది సార్? ఐదు."

"చెయ్యి పట్టినావు గదయ్యా."

"ఊరికే పట్టినాను సార్."

"ఊరికే పడతారా ఎవురైనా?" నాయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది. "సరే, మూడేళ్ళు మేపాల. ఆ తర్వాత పూటకి ఎన్ని లీటర్లిస్తాదో పిండి చూపించు, మాట్లాడదాం" అన్నాడు.

టైబాబు నా వైపు చూశాడు. నేను సిగ్గు చంపుకుని, "అది చదివినోళ్ళకి జీతం ఎంతొస్తాదని అడగతా ఉండాడు సార్" అని విడమరిచి చెప్పాను. ఆయన ఉత్సాహంగా తమ దగ్గర చేరి పాసైన దుత్తలూరు అబ్బాయికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు. ఆ అబ్బాయి ఎయిర్‌పోర్టులో బోర్డింగు పాసులు ఇచ్చే కౌంటర్లో పనిచేస్తున్నాడట.

"జీతం ఎంత అబ్బాయా?" అన్నాడు నాయన.

"పద్దెనిమిది వేలు పెద్దాయనా."

"నీ పక్కన కూర్చునేవాళ్ళు ఏం చదివినారు?"

"ఒకాయన బీకాం. ఒకామె తెలుగు ఎమ్మే."

"వాళ్ళకెంత?"

"అందరికీ అదే పెద్దాయనా."

సిగ్నల్ సరిగా లేదంటూ టైబాబు ఫోన్ కట్ చేశాడు. "దాణా ఎక్కువ, పాలు మాత్రం అంతే" అని నాయన లేచాడు.

ఆయన్ను పిసినారి అన్నాను. నా బతుకు బర్రెతో సమానమా అని అడిగాను. మూడు రోజులు అన్నం ముట్టలేదు. (అవ్వ దొడ్లో చాటుగా ఇచ్చిన దోసెలు అన్నం కిందికి రావు.) చివరికి ఆత్మకూరులో బీకాం చేరాను. రోజూ బస్సులో పోయి రాగా వాంతులైతే రెండో ఏటికి తగ్గాయి.

ఇప్పుడు మద్రాసు ఎయిర్‌పోర్టులోనే, సరుకుల విభాగంలో పనిచేస్తున్నాను. బీకాంకు నెల రోజుల ట్రైనింగు తోడైతే సరిపోయింది. స్కార్ఫు లేదు, మీద మెరిసే పచ్చ కోటు. విదేశాలకు పోయే రొయ్యల పెట్టెలను తూకం వేయించడం నా పని. ఇంటికి వచ్చాక రెండుసార్లు సబ్బు రుద్దినా వాసన పోదు.

పోయిన నెల నాయన చూడటానికి వచ్చాడు. క్యాంటీన్లో టీ తాగి, పాలు నీళ్ళగా ఉన్నాయని తీర్పు చెప్పి, ఉన్నట్టుండి తువ్వాల తీసి నా చేతిమీద కప్పాడు. లోపల నా వేళ్ళు పట్టుకున్నాడు. లెక్కపెట్టాను. ఐదు.

"ఆ పొద్దు నా ఆఖరి మాట ఇది పాపా. ఆ దుత్తలూరు పిల్లోడికి పక్కవాళ్ళ కంటే ఇంకో ఐదువేలు ఎక్కువొచ్చుంటే ఐదు లక్షలూ ఇచ్చేసేవాణ్ణి. బేరగాడు ఆఖరి అంకె ముందే బయటపెడతాడా?"

పిసినారి అని అరిచిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తువ్వాల కింద ఆయన చేతిని గట్టిగా పట్టుకున్నాను.

"ఖాయమా, ఊరికే పట్టినావా?" అన్నాడు నాయన.

"ఊరికే పడతారా నాయనా ఎవురైనా" అన్నాను.